‘ఒక రకం’ అంటే ఎన్ని రకాలు? పిల్లి మాటల మీద ఒక కేస్ స్టడీ

పెంపుడు జంతువుల ఆరోగ్యం మీద తెలుగులో సలహాలిచ్చే ఒక సమాచార సేవలో సెర్చ్ సరిగా పనిచేయడం లేదని, దాని వెనకున్న పదజాలాన్ని చూసిపెట్టమని నాకు పని అప్పగించారు. పదకోశాలు, పదాల వర్గీకరణ నా వృత్తి. అక్కడి వ్యాసాలన్నీ పశువైద్యులు రాసినవే, శ్రద్ధగా రాసినవే. లోపం వ్యాసాల్లో లేదు. వెతికే మనిషి వాడే మాటకూ, వ్యాసానికి తగిలించిన మాటకూ మధ్య ఉన్న సంబంధంలో ఉంది.

‘పిల్లిపిల్లకు జ్వరం’ అని టైపు చేసినవాళ్లకు, పిల్లులకు పారాసిటమాల్ ఇవ్వకూడదని హెచ్చరించే వ్యాసం కనిపించడం లేదు. ‘పిల్లికి గోమార్లు’ అని టైపు చేస్తే కుక్కల మెడ మీద వేసే చుక్కల మందు గురించిన వ్యాసం అన్నిటికంటే పైన వస్తోంది. మొదటిది నష్టం, రెండోది ప్రమాదం. కుక్కల గోమార్లకు వాడే చుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది. పిల్లి కాలేయానికి ఆ మందును విరగ్గొట్టి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. పారాసిటమాల్ సంగతీ అలాంటిదే. మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. అందుకే ఈ పనిని వ్యాకరణ చర్చగా నేను చూడలేదు. ఏ మాట ఏ మాట కింద ఉందన్నది ఇక్కడ ఒక జీవి బతకడం, చావడం దాకా వెళ్తుంది.

చేతికొచ్చిన పదవృక్షం

ఆ సేవలో వ్యాసాలన్నీ ఒక పదవృక్షానికి తగిలించి ఉన్నాయి. పైనున్న మాటకు తగిలించిన వ్యాసం దాని కిందున్న మాటలన్నిటికీ వర్తిస్తుంది. ‘జంతువు’కు రాసింది ‘పిల్లి’కీ వస్తుంది, ‘పిల్లి’కి రాసింది ‘సియామీ పిల్లి’కీ వస్తుంది. సూత్రం సరళమైనది, మంచిది కూడా. ప్రతి వ్యాసాన్నీ ప్రతి మాటకూ విడివిడిగా తగిలించే చాకిరీ తప్పుతుంది.

ఈ పద్ధతికి మూలం 1985లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ మొదలుపెట్టిన వర్డ్‌నెట్. ఒకే అర్థమున్న మాటలను ఒక గుంపుగా కట్టి, ఆ గుంపులను ‘ఇది దానిలో ఒకటి’, ‘ఇది దానికి భాగం’ లాంటి సంబంధాలతో కలిపారు. తర్వాత ఎన్నో భాషల్లో ఇలాంటివి వచ్చాయి. ఐఐటీ బాంబే ముందుండి నడిపిన ఇండోవర్డ్‌నెట్‌లో తెలుగుకూ చోటుంది. అయితే నా చేతికొచ్చిన వృక్షం తెలుగు మాటల నుంచి కట్టింది కాదు. ఆంగ్ల వృక్షంలో పెంపుడు జంతువుల కొమ్మ వరకు తీసుకుని, ప్రతి చోటా ఒక తెలుగు పేరు రాశారు.

ఆంగ్ల వృక్షం ఆంగ్లానికి చక్కగా సరిపోతుంది. అక్కడ ‘క్యాట్’ అనే ఒక్క మాటకు నామవాచకంగానే ఎనిమిది అర్థాలున్నాయి. జంతువు, పెద్దపులి లాంటి మృగాలు, తొమ్మిది తోకల కొరడా, నమిలే ఖాట్ ఆకు, గొలుసు పట్టాల మీద నడిచే ట్రాక్టర్, స్కాన్ వగైరా. వీటిలో మనకు పనికొచ్చేవి మొదటి రెండే. ఆ రెండిటితోనే చిక్కు మొదలైంది. ఆంగ్లంలో పులి కూడా ‘క్యాట్’ కిందికి వస్తుంది కాబట్టి, ఇక్కడ ‘పిల్లి’ కింద ‘పులి’ని పెట్టారు. తెలుగువాడెవడూ పులిని చూపించి ‘అదొక రకం పిల్లి’ అనడు. ‘పిల్లి జాతికి చెందిన జంతువు’ అంటాడు. ‘జాతి’ అన్న మాట లేకపోతే ఆ వాక్యం నిలబడదు.

‘పెంపుడు పిల్లి’ కింద పక్కపక్కనే ఉన్న మాటలివి: పర్షియన్ పిల్లి, సియామీ పిల్లి, మాంక్స్ పిల్లి, గండుపిల్లి, వీధి పిల్లి, చారల పిల్లి, ఎలుకలు పట్టే పిల్లి. పిల్లికూన మాత్రం ఆ వరసలో లేదు. అది ‘క్షీరదాల పిల్ల’ అనే వేరే కొమ్మ కింద, కుక్కపిల్ల, సింహం పిల్లల పక్కన ఉంది. ప్రిన్స్‌టన్ వర్డ్‌నెట్‌లోనూ దాని చోటు అదే. కాబట్టి పిల్లికి రాసిన హెచ్చరిక కిందికి దిగుతూ దిగుతూ పర్షియన్ దాకా వెళ్తుంది కానీ కూనను చేరదు. జ్వరం వచ్చిన పిల్లిపిల్లతో ఎవరో వెతుకుతుంటే పారాసిటమాల్ వ్యాసం ఎందుకు రాలేదో ఇక్కడే తేలిపోయింది.

కూనను తెచ్చి పిల్లి కింద పెట్టేస్తే సరిపోతుంది కదా అని అడిగారు. ఆ ఒక్క వ్యాసానికి సరిపోతుంది. కానీ అప్పుడు ‘పెద్ద పిల్లికి రోజుకు ఎంత మేత’ అన్న వ్యాసం కూడా కూనకు దిగుతుంది. కింద పెట్టడమా, బయట పెట్టడమా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ సంబంధంతో కింద పెడుతున్నామన్నదే ప్రశ్న.

వాక్యంలో పెట్టి చూడటం

పదాల సంబంధాన్ని నిఘంటువులో వెతకడం కంటే వాక్యంలో పెట్టి మాట్లాడేవాళ్లను అడగడం నమ్మకమైన పద్ధతి. భాషాశాస్త్రవేత్త డి. ఎ. క్రూస్ 1986లో ఒక భేదాన్ని వివరంగా చర్చించాడు. ‘ఇది అది’ అని చెప్పగలిగిన ప్రతిచోటా ‘ఇది ఒక రకం అది’ అని చెప్పలేం. మొదటిది విశాలం, రెండోది దానిలో ఒక చిన్న భాగం. ఈ గీటురాయిని తెలుగు మాటల మీద పెట్టి చూశాను.

గుంటూరు వైపు ఇంట్లో పిల్లులు పెంచే ఒక పెద్దావిడను అడిగాను.

‘పిన్నిగారూ, సియామీ ఒక రకం పిల్లి అంటే బాగుందా?’

‘బాగానే ఉందిగా.’

‘గండుపిల్లి ఒక రకం పిల్లి?’

‘అదేం మాటమ్మా! మగదని చెప్పు. రకమేంటి మధ్యలో?’

వరంగల్‌లో పశువుల దవాఖానలో పనిచేసే ఒకాయన్ని పిల్లికూన సంగతి అడిగితే, ‘రకమెట్లయితది మేడం? పెద్దగైతే అదే పిల్లి గద’ అన్నాడు.

ఈ రెండు జవాబుల్లోనే పని సగం తేలింది. గండుపిల్లి పిల్లే, సందేహం లేదు. ‘అది గండుపిల్లే కానీ పిల్లి కాదు’ అంటే ఎవరూ ఒప్పుకోరు. కానీ అది పిల్లుల్లో రకం కాదు, పిల్లుల్లో మగది. కూన దగ్గర ఇంకొక మెలిక ఉంది. ‘ఇది ఇంకా పిల్లి కాలేదు, కూనే’ అంటే తెలుగులో తప్పుగా వినపడదు. అంటే ‘పిల్లి’ అన్న మాటకే రెండు వెడల్పులున్నాయి. వెడల్పైన అర్థంలో అది చిన్నా పెద్దా మొత్తం జంతువు. ఇరుకైన అర్థంలో పెరిగిన పిల్లి మాత్రమే. విషం గురించి మాట్లాడేటప్పుడు వెడల్పైన అర్థం కావాలి, మేత గురించి మాట్లాడేటప్పుడు ఇరుకైనది.

తెలుగులో సమాసం తల, అంటే అది దేనిలో ఒకటో చెప్పే ముఖ్యమైన మాట, చివర ఉంటుంది. పిల్లికూనలో తల ‘కూన’, అంటే ఆ మాట ఆకారం ప్రకారం అది కూనల్లో ఒకటి. కుక్కపిల్ల, కోడిపిల్ల, పులికూన దాని తోబుట్టువులు. ఆంగ్ల వృక్షం దాన్ని ‘క్షీరదాల పిల్ల’ కింద పెట్టినప్పుడు, ఆ చోటు తెలుగు మాట ఆకారానికి సరిగ్గా అతుక్కుంది. అందుకే అనువదించినవాళ్లకు అక్కడ ఏ ఇబ్బందీ కనబడి ఉండదు. ఆ బంధాన్ని నేను తెంచలేదు. అది నిజమే కాబట్టి ఉంచి, ‘పిల్లి’ వైపు నుంచి రెండో బంధం కట్టి దానికి ‘వయసు’ అని గుర్తు పెట్టాను.

రెండో పరీక్ష కాలానిది: ‘నిన్న ఇది, ఇవాళ కాదు’ అనవచ్చా? పర్షియన్ పిల్లి రేపు సియామీ కాదు. గండుపిల్లి రేపు ఆడపిల్లి కాదు. కూన మాత్రం కొన్ని నెలల్లో కూనగా ఉండదు. వీధి పిల్లి ఎవరైనా తెచ్చి పాలు పోసి తలుపు తీస్తే ఈ సాయంత్రమే పెంపుడు పిల్లి అవుతుంది.

ఈ పరీక్షలో నాకు బాగా పనికొచ్చింది ఒక నిజమైన ఫోన్ కాల్. అపార్ట్‌మెంట్ వదిలి వెళ్లిపోతూ ఎవరో ఒక పర్షియన్ పిల్లిని సెల్లార్‌లో వదిలేశారు. దాని బొచ్చు ఉండలు కట్టి, కళ్లు పుసులు కారుతున్నాయి. కింద కాపలా ఉండే ఆయన ఫోన్ చేసి ‘వీధి పిల్లికి కళ్లు కారుతున్నాయి, ఏం చేయాలి’ అని అడిగాడు. ఆయన మాట సరైనదే, అది ఇప్పుడు వీధి పిల్లే. కానీ పర్షియన్లకు ముఖం చదునుగా ఉండటం వల్ల కన్నీటి నాళం వంకర తిరిగి కళ్లు కారడం సాధారణం. ఆ వ్యాసం ‘పర్షియన్’కు తగిలించి ఉంది. పాత వృక్షంలో వీధి పిల్లి, పర్షియన్ పిల్లి పక్కపక్కన ఉన్న తోబుట్టువులు. అక్కడ తోబుట్టువులంటే ఒకటైతే ఇంకొకటి కాదని అర్థం. కుక్క, పిల్లి అలాంటివే. ఒకే జంతువు రెండూ కాలేదు. కానీ వీధి పిల్లీ పర్షియనూ ఒకే జంతువు కావచ్చు, ఈ పిల్లి అయింది. జాతి ఒక గీత మీద ఉంటే, బతుకు తీరు వేరే గీత మీద ఉంది. రెంటినీ ఒకే వరసలో పెట్టడమే లోపం.

నాటు పిల్లి, వీధి పిల్లి అన్న మాటలను కూడా జనం కలిపేస్తారని నేననుకోలేదు, కలపరు కూడా. సెల్లార్‌లో ఉన్న ఆ పర్షియన్‌ను వీధి పిల్లి అన్నారు కానీ నాటు పిల్లి అని ఒక్కరూ అనలేదు. అలాగే ఇంట్లో సోఫా మీద పడుకునే నాటు పిల్లిని ఎవరూ వీధి పిల్లి అనరు. మాట్లాడేవాళ్లు ఈ రెండు గీతలనూ ఎప్పుడూ విడిగానే పట్టుకుంటారు. పదవృక్షమే వాటిని ఒకటి చేసింది.

రంగుల మాటలు చారల పిల్లి, నల్లపిల్లి, మూడు రంగుల పిల్లి. వీటికి వేరే గీత. మూడు రంగుల పిల్లి దగ్గర మా పశువైద్యురాలు ఒక సూచన చేశారు. తెలుపు, నలుపు, నారింజ కలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. నలుపు, నారింజ రెండూ ఒకే ఒంటి మీద కనబడాలంటే మామూలుగా రెండు ఎక్స్‌లు కావాలి. మరైతే మూడు రంగుల పిల్లిని ఆడపిల్లి కింద పెట్టేద్దామా అన్నారు. వద్దన్నాను. ‘మూడు రంగుల గండుపిల్లి’ అంటే వినేవాడికి అరుదుగా అనిపిస్తుందే తప్ప అర్థం లేనిదిగా అనిపించదు. నిజంగానే అదనపు ఎక్స్‌తో పుట్టే మగవి అరుదుగా ఉంటాయి. మాట అర్థంలో ఉన్నదొకటి, లోకంలో ఉన్నదొకటి. పదవృక్షం మొదటిదాన్ని మోస్తుంది. రెండోదాన్ని వ్యాసంలో రాయాలి, రాయించాను.

భాగాల దగ్గరా ఇదే జాగ్రత్త. పిల్లికి తోక ఉంటుంది, మీసాలుంటాయి, ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి వేళ్లుంటాయి. కానీ మాంక్స్ జాతిలో చాలావాటికి తోకే ఉండదు. తోక లేనంత మాత్రాన అది పిల్లి కాకుండా పోదు. కాబట్టి భాగాల బంధాన్ని ‘మామూలుగా ఉండేది’ అనే గుర్తుతోనే పెట్టాను.

పిల్లి జాతి, జాతి పిల్లి

పనిలో అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది ‘జాతి’ అన్న మాట. ‘పిల్లి జాతి’ అంటే పులి, సింహం, చిరుత, ఇంటి పిల్లి అన్నీ. అదే రెండు మాటలు తిరగేసి ‘జాతి పిల్లి’ అంటే డబ్బు పెట్టి కొన్న పర్షియనో సియామీయో. జాతి కుక్క, జాతి గుర్రం అన్నట్టే ఇదీ. మొదటిది ఎంత విశాలమో రెండోది అంత ఇరుకు. బడి పుస్తకాల్లో జీవశాస్త్రం ‘జాతి’ని ఈ రెండిటికీ మధ్య వాడుతుంది. అక్కడ ఇంటి పిల్లి మొత్తం ఒకే జాతి, దానికి లిన్నేయస్ 1758లో పెట్టిన పేరు ఫెలిస్ కాటస్. ఆ పైన ప్రజాతి, ఆ పైన కుటుంబం. ఆ లెక్కలో పర్షియనూ నాటు పిల్లీ వేర్వేరు జాతులు కానే కావు.

సెర్చ్‌లో ఇది ఎలా బయటపడిందంటే, ‘పిల్లి జాతులు’ అని వెతికేవాళ్లలో రెండు రకాలవాళ్లుంటారు. బడి ప్రాజెక్టుకు పులి, చిరుత బొమ్మలు కావలసిన పిల్లలు ఒకరు. ఏ పిల్లిని తెచ్చుకుందామా అని చూసే పెద్దలు ఇంకొకరు. వృక్షంలో ‘జాతి’ని ఒకే చోట పెట్టడం వల్ల ఇద్దరికీ కలగాపులగం జవాబులొచ్చేవి. నేను దాన్ని మూడు వేర్వేరు అర్థాలుగా విడదీశాను. మాట ఏ పక్కన ఉందో, ఏకవచనమా బహువచనమా, పక్కన ‘ధర’, ‘పెంపకం’ లాంటి మాటలున్నాయా అన్నవి చూసి అర్థం ఎంచుకునే ఏర్పాటు ఇంజినీర్లు చేశారు. ‘పిల్లి జాతి’ని తెలుగు వృక్షంలో ‘పిల్లి’కి పైన పెట్టాను. పులి దాని కింద ఉంటుంది, పిల్లి కింద ఉండదు.

జాతి పేర్ల మీద ఇంకో మాట. బాంబే పిల్లి అన్న పేరు చూసి దాన్ని ‘భారతీయ జాతులు’ అనే గుంపులో వేశారు. ఆ నల్లని పిల్లిని అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో నిక్కీ హార్నర్ అనే పెంపకందారు 1958 నుంచి తయారుచేసింది. మన నల్లచిరుతలా కనబడాలని ఆ పేరు పెట్టింది. ముంబై ఆ పేరులో ఉంది తప్ప పిల్లిలో లేదు. పర్షియన్, సియామీ పేర్లకు ఆ దేశాలతో చారిత్రక సంబంధం ఉంది. అలాగని మాట ముందున్న ఊరి పేరంతా పుట్టినిల్లని అనుకోకూడదు.

చివర ‘పిల్లి’ ఉన్నవన్నీ

సమాసం తల చివర ఉంటుందన్న సూత్రం చేతిలో ఉంటే ఎన్నో చిక్కులు వాటంతటవే విడిపోతాయి. పిల్లిమొగ్గ తలకిందులుగా వేసే మొగ్గల్లో ఒకటి, పిల్లిపీచర ఒక తీగ, శతావరికి ఇంకో పేరు. ‘పిల్లి’తో మొదలైన మాటలన్నీ జంతువు కిందికి రాకుండా ఈ ఒక్క సూత్రంతో వడపోశాం. మరి చివర ‘పిల్లి’ ఉన్నవి? అడవిపిల్లి, దానికే జంగుపిల్లి అని కూడా పేరు, పిల్లి కుటుంబంలోదే, ఇంటి పిల్లికి దగ్గరి చుట్టం, కానీ ఇంటి పిల్లి కాదు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే బావురుపిల్లి కూడా ఆ కుటుంబంలోదే. పునుగుపిల్లి, మానుపిల్లి మాత్రం ఆ కుటుంబమే కాదు. వాటిది వేరే కుటుంబం, జీవశాస్త్రం ప్రకారం పిల్లికి దూరం.

పునుగుపిల్లిని తీసి పిల్లి నుంచి పూర్తిగా దూరంగా పెట్టాలని జీవశాస్త్రం చదివిన సహోద్యోగి గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోలేదు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పునుగు తైలం పూస్తారని తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. ఆ తైలం ఇచ్చే జంతువును అందరూ పిల్లిగానే ఊహిస్తారు. మాట్లాడేవాళ్ల మనసులో ఉన్న వర్గీకరణ కూడా ఒక వాస్తవం, దాన్ని చెరిపేస్తే వెతికేవాడికి వ్యాసం దొరకదు. చివరికి రెండు బంధాలు పెట్టాం: ‘పేరు ప్రకారం పిల్లి’, ‘కుటుంబం ప్రకారం కాదు’. వైద్య సలహా రెండో బంధం దాటి పోదు. పునుగుపిల్లి అని వెతికినవారికి పిల్లి టీకాల వ్యాసం ఇక రాదు, పునుగుపిల్లి వ్యాసమే వస్తుంది.

పర్యాయపదాల దగ్గర ఎక్కువ సేపు ఆగలేదు. అమరకోశం పిల్లికి ఐదు పేర్లు చెబుతుంది: ఓతువు, బిడాలం, మార్జారం, వృషదంశకం, ఆఖుభుక్కు. అర్థం ఒకటే, వాడే చోటు ఒకటి కాదు. ‘మా మార్జాలానికి విరేచనాలు’ అని ఎవరూ వెతకరు. కానీ మార్జాలకిశోర న్యాయం గురించి చదివేవాళ్లు మార్జాలం అనే వెతుకుతారు. తల్లి పిల్లి కూనను నోట కరుచుకుపోయినట్టు దేవుడు భక్తుణ్ణి తానే మోస్తాడని, భక్తుడు చేయాల్సింది ఏమీ లేదని శ్రీవైష్ణవుల్లో తెంగలై వారు చెప్పే పోలిక అది. కాబట్టి ఈ మాటలన్నీ ఒకే గుంపులో, వేర్వేరు వాడుక గుర్తులతో ఉన్నాయి. సామెతలను మాత్రం జంతువు నుంచి విడదీశాం. ‘గోడ మీద పిల్లి’ అని వెతికేవారికి గోడెక్కిన పిల్లిని దింపే ఉపాయాలు అక్కర్లేదు.

క్రియలు చూడకుండా నామవాచకాలను అర్థం చేసుకోలేం. కుక్క మొరుగుతుంది, గుర్రం సకిలిస్తుంది, ఏనుగు ఘీంకరిస్తుంది, పులి గాండ్రిస్తుంది. పిల్లి అరుస్తుంది, అంతే. దాని గొంతుకు మనం ప్రత్యేకంగా ఒక క్రియ పెట్టుకోలేదు. కాన్పు దగ్గర మాత్రం మాటలు ధారాళంగా ఉన్నాయి. పిల్లి ఈనింది, పిల్లలు పెట్టింది, పిల్లి కడుపుతో ఉంది, ఇవాళ్టి మాటల్లో పిల్లికి డెలివరీ అయింది. సూడి అన్న మాట ఆవుకూ గేదెకూ చెల్లుతుంది, పిల్లికి వాడరు. ఈ జతలను రాసి పెట్టాక, ‘ఈనింది’ అన్న మాటతో వెతికిన పల్లెటూరివాళ్లకూ, ‘డెలివరీ’ అన్న పట్నంవాళ్లకూ ఒకే వ్యాసం చేరింది.

పైనుంచి దిగే ప్రమాదం

ఇప్పుడు గోమార్ల మందు దగ్గరికి. కుక్కల చుక్కల మందు వ్యాసం ‘పెంపుడు జంతువు’ అనే మాటకు తగిలించి ఉంది. రాసినవారి ఉద్దేశం మంచిదే, పెంపుడు జంతువులకు గోమార్లు పడితే ఏం చేయాలని. వ్యాసం లోపల ‘ఇది కుక్కలకు మాత్రమే’ అన్న వాక్యమూ ఉంది, నాలుగో పేరాలో. కానీ వృక్షం దాన్ని పిల్లికి దింపింది, శీర్షిక చూసి మందు కొనే మనిషి నాలుగో పేరా దాకా వెళ్లకపోవచ్చు.

‘పెంపుడు జంతువు’, ‘క్షీరదం’ రెండూ ‘పిల్లి’కి పైన ఉన్న మాటలే. కానీ ఆ రెండూ పైన ఉన్న తీరు ఒకటి కాదు. క్షీరదం అన్నది పిల్లి ఒంటి గురించిన మాట: వేడి రక్తం, పాలిచ్చి పెంచడం, ఊపిరితిత్తులు. పెంపుడు జంతువు అన్నది మనతో దానికున్న సంబంధం గురించిన మాట. చిలుక, కుందేలు, గాజుతొట్టిలో చేప కూడా పెంపుడు జంతువులే. మన ఇంట్లో ఉండటం తప్ప వాటి ఒళ్లకు ఉమ్మడిగా ఏమీ లేదు. మందు ఒంటి మీద పనిచేస్తుంది, సంబంధం మీద కాదు. కాబట్టి ‘పెంపుడు జంతువు’ నుంచి కిందికి దిగగలిగేవి సంబంధానికి చెందిన విషయాలే: అపార్ట్‌మెంట్ నిబంధనలు, ప్రయాణంలో బోను, ఊరెళ్లేటప్పుడు ఎవరికి అప్పగించాలి. మందు, మోతాదు, మేత ఎంతమాత్రం దిగకూడదు.

ఇది నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టిన విషయం. మొత్తం పనిలో ఒక్కటే మార్పు చేయనిస్తామంటే ఇదే చేసేదాన్ని. ప్రతి పై బంధానికీ ‘ఒంటిదా, సంబంధానిదా’ అన్న గుర్తు పెట్టించాను. వైద్య వ్యాసాలు ఒంటి బంధాల మీదే ప్రయాణిస్తాయి. ఒంటి బంధాల మీద కూడా హెచ్చరికలు దిగుతాయి కానీ మోతాదులు దిగవు. పశువైద్యురాలు దానికి ఇంకొకటి చేర్చారు. ఒక మందు పిల్లికి విషమైతే, ఆ విషయం ‘పిల్లి’కి నేరుగా తగిలించి, అన్ని వయసులకూ, అన్ని జాతులకూ, వీధి పిల్లికీ పెంపుడు పిల్లికీ సమానంగా దిగేలా చేయాలని. గండుపిల్లి అని వెతికినా, కూన అని వెతికినా, నాటు పిల్లి అని వెతికినా పెర్మెత్రిన్, పారాసిటమాల్ హెచ్చరికలు ఇప్పుడు మొదట కనబడతాయి.

విషాల జాబితా సరిచూస్తుండగానే లిల్లీ దగ్గర ఆగాల్సి వచ్చింది. లిల్లీ మొక్కలు పిల్లుల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆకు నమిలినా, ఒంటి మీద పడిన పుప్పొడి నాకినా ప్రమాదమే. ‘లిల్లీ పూలు పిల్లులకు విషం’ అని వ్యాసంలో ఉంది. మన పూల మార్కెట్లో ‘లిల్లీ పూలు’ అంటే ఏమిస్తారు? పెళ్లి దండల్లో కట్టే తెల్లని, సన్నని, వాసన గల పూలు, రజనీగంధ. అది వేరే మొక్క. హెచ్చరికలో చెప్పిన లిల్లీ, బొకేల్లో ఒక్కో కాడకు పెద్ద పెద్ద పువ్వులతో, గోధుమ రంగు పుప్పొడితో వచ్చేది. ఒకే మాట కింద రెండు మొక్కలున్నాయి, చదివేవాడికి గుర్తొచ్చేది హెచ్చరికలో లేనిదే. దండలు చూసి భయపడిన మనిషి, బర్త్‌డే బొకేని టేబుల్ మీద పెట్టి పిల్లిని గదిలో వదిలేయవచ్చు. ఆ వాక్యాన్ని ‘బొకేల్లో వచ్చే పెద్ద పువ్వుల లిల్లీ’ అని మార్చి, పక్కన ఫొటో పెట్టించాం. పదవృక్షంలో లిల్లీని రెండుగా విడగొట్టి, విషం బంధాన్ని ఒకదానికే కట్టాం.

పిల్లి కొమ్మ పూర్తయింది. కుక్క కొమ్మ చాలా వరకు ఇదే నమూనాలో నడుస్తోంది, అక్కడా ‘జాతి’ చిక్కు ఉంది, ‘ఊరకుక్క’ ఉంది. తర్వాత మొదలుపెట్టేది ఆవు. అక్కడ పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. పిల్లి దగ్గర మగకు ‘గండు’, చిన్నదానికి ‘కూన’ అని మాట పక్కన మాట చేర్చుకుంటూ వచ్చాం. ఆవు దగ్గర ఎద్దు, ఆంబోతు, కోడె, పెయ్య, దూడ, లేగ అని వయసుకూ, లింగానికీ, పనికీ ఒక్కో విడి మాట ఉంది, ఒక్కో మాటలో రెండు మూడు గుర్తులు కలిసిపోయి ఉన్నాయి. కోడె అంటే మగదీ, వయసులో ఉన్నదీ. ఆంబోతు అంటే మగదీ, విత్తు కొట్టనిదీ, ఊరికి వదిలినదీ. పిల్లి కోసం కట్టిన గీతల మీద వీటిని నిలబెట్టి చూడటం ఈ వారం మొదలుపెట్టాం. ముందుగా పాడి రైతుల దగ్గర ‘పెయ్య’ అన్న మాట ఏ నెల నుంచి ఏ నెల దాకా చెల్లుతుందో అడిగి రాసుకుంటున్నాం.